బతికుండగానే స్వర్గీయుడైన రాజు

చంద్రశిల రాజ్యాన్ని జయకేతుడనే రాజు పాలించేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. శత్రువులొస్తే అందరికంటే ముందు గుర్రమెక్కేవాడు, కరువొస్తే గాదెలు తెరిపించేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, పొగడ్త. అదీ మనలాంటి వాళ్ళం మురిసిపోయే చిన్నాచితకా పొగడ్త కాదు. దేవుళ్ళకు చెప్పే మాటలే తనకూ చెప్పాలి!

పొద్దున్నే ఆయన సింహాసనం ఎక్కగానే నారన్న అనే వంది ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, సభ దద్దరిల్లేలా ఆయన బిరుదులు చదవాలి. అందులో రోజుకొక కొత్త మాట ఉండాలి. నిన్నటి మాట ఇవాళ వినబడిందో, రాజుగారి ముఖం మాడిపోయేది. దివ్యతేజా అన్నాడు నారన్న, దైవసమానా అన్నాడు, దేవేంద్రవైభవా అన్నాడు, అలౌకికరూపా, అవతారపురుషా అన్నాడు. ఎన్నని చెబుతాడు పాపం? అతని బుర్రేమన్నా అక్షయపాత్రా? అయినా పదకొండేళ్ళు నెట్టుకొచ్చాడు మహానుభావుడు.

రేపు రాజుగారి పుట్టినరోజనగా నారన్నకు మాటలు నిండుకున్నాయి. అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే, పన్నెండేళ్ళ కూతురు మాచల లోపలి నుంచి పదకోశం పట్టుకొచ్చింది. తల్లి లేని పిల్ల. తండ్రి తాటాకుల మధ్యే పెరిగి, చదువు గట్టిగానే నేర్చుకుంది.

"నాన్నా, ఇదిగో! స్వర్గీయ. స్వర్గానికి చెందినవాడు అని అర్థం. ఇంతవరకూ నువ్వు వాడలేదు" అంది.

"ఎక్కడో విన్నట్టే ఉందే అమ్మలూ" అన్నాడు నారన్న నుదురు రుద్దుకుంటూ.

"కోశంలో ఉన్న మాట వినకుండా ఎలా ఉంటావు?" అంది మాచల.

నిజమే కదా అనుకున్నాడు నారన్న. గండం గడిచిందన్న సంబరంలో, ఎక్కడ విన్నాడో మాత్రం ఆలోచించలేదు. చదువుకున్నవాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి పిల్లలూ. చదువురాని వాడైతే ఆ మాట చచ్చినా అనేవాడు కాదు.

మర్నాడు సభ కిటకిటలాడిపోయింది. మాచల కూడా ఒక స్తంభం పక్కన నిలబడింది. నారన్న చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, "స్వర్గీయ శ్రీ జయకేతు మహారాజులవారికీ..." అన్నాడు.

జయమన్నవాడు ఒక్కడూ లేడు. ముసలివాళ్ళు గబుక్కున చెవులు మూసుకున్నారు. ఎవరో ఆడమనిషి "అయ్యయ్యో, ఎంత మాట!" అంది. ఎందుకంటే ఆ దేశంలోనూ మన దగ్గరలాగే ఆ మాటకు ఒక్కటే చోటు. పోయినవాళ్ళ పేరు ముందు! నారన్న దాన్ని విన్నది కర్మల దగ్గర.

అప్పుడే సభలోకి చల్లటి గాలి జొరబడింది. పైకప్పు దగ్గర ఎక్కడో తాటాకు మీద గంటంతో గీస్తున్న చప్పుడు వినిపించింది. గర... గర... గర. ఆ చప్పుడు ఆగాక, ఎవరిదో పొడి గొంతు మర్యాదగా పలికింది.

"రాసుకున్నాను."

రాజుగారి పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ ముక్కు దగ్గర అద్దం పెడితే మసక పట్టలేదు. చెయ్యి ముట్టుకున్న రాణి కనకవల్లి కెవ్వున కేకేసి వెనక్కి తగ్గింది. అంత చల్లగా ఉందా చెయ్యి.

వైద్యులు వచ్చారు, చూశారు. చచ్చాడనీ చెప్పలేకపోయారు, బతికాడనీ చెప్పలేకపోయారు. చివరికి ఒక ముసలి పండితుడు వణుకుతూ, "ఇది తాటివనంలోని బ్రహ్మరాక్షసుడి పని. నిండు సభలో ఆ మాట ఎవరి పేరు ముందు పడితే వాళ్ళు వాడి ఆకులోకి ఎక్కిపోతారు" అని చెప్పాడు.

మంత్రి చండవర్మ కోపంతో ఊగిపోయాడు. "ఈ వందిని చెరలో వెయ్యండి! ఏడో రోజు పొద్దు గుంకేలోగా ప్రభువులు లేవకపోతే వీడి తల తీయించేస్తాను!" అన్నాడు.

"ఆ మాట నాది!" అని మాచల అరవబోయింది. నారన్న అంతకంటే గట్టిగా, "నోరు ముయ్యవే! నా నోట్లోంచి వచ్చిన మాట నాదే!" అని గద్దించాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి తనను కసురుకోవడం మాచలకు అదే మొదటిసారి. దాంతో స్తంభం చాటుకు తగ్గింది.

సాయంత్రం ఆ పిల్ల చెరసాల కిటికీ దగ్గరకు వెళ్ళి, ఊచల్లోంచి తల లోపలికి వంచింది. ఎక్కడికి పోతోందో చెప్పలేదు. చెబితే పోనిస్తాడా? నారన్న కూతురి తల మీద చెయ్యిపెట్టి, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"చిరంజీవ, అమ్మలూ. ఇంటికెళ్ళి ఇంత అన్నం తిని పడుకో."

మాచల ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా తాటివనానికి పోయే అడవి దారి పట్టింది.

అది మామూలు అడవి కాదు. మధ్యాహ్నం కూడా కింద మసక చీకటే. పిట్ట కూత లేదు, పురుగు చప్పుడు లేదు. దారికి రెండువైపులా రాతి బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే మాచలకు ఒళ్ళు జలదరించింది. ప్రతి బొమ్మ కాళ్ళూ ముందుకే ఉన్నాయి, మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంది.

అక్కడొక పెద్ద పుట్టలోంచి దగ్గు వినిపించింది. మట్టి మధ్య రెండు కళ్ళు తెరుచుకున్నాయి. ఎన్ని ఏళ్ళ నుంచి తపస్సులో ఉన్నాడో, ఆ మునిని చెదలు పూర్తిగా కప్పేశాయి.

"ఓ దివ్యపురుషా!" అంది మాచల, భయంతో చేతులు జోడించి.

"చెదలు తింటున్నవాణ్ణి పట్టుకుని దివ్యపురుషా అంటావేమిటే?" అని విసుక్కున్నాడు ముని. "తాత అను, చాలు. ఏం పని నీకిక్కడ?"

మాచల ఏడుస్తూ అంతా చెప్పింది.

"ముందుకు మూడు రోజుల నడక. రెండు మాటలు గుర్తుపెట్టుకో" అన్నాడు ముని. "ఒకటి, వెనక నుంచి ఎవరు పిలిచినా తిరగకు. రెండోది, నీ ముందు ఎవరు ఏం తినబెట్టినా పొగడకు. ఈ బొమ్మలన్నీ మొదటి మాట మరిచిపోయినవాళ్ళే. రెండోది మరిచిపోయినవాళ్ళ గుర్తులు కూడా మిగల్లేదు."

మాచల పట్టుమని పది అడుగులు వేసిందో లేదో, వెనక నుంచి ఎవరో తియ్యగా పిలిచారు.

"దేవకన్యా! ఆగు తల్లీ, అంత అందమైన ముఖం ఒక్కసారి చూపించవూ?"

మాచల తిరగలేదు. తన ముఖం ఎలా ఉంటుందో తనకు తెలుసు. కాసేపటికి ఇంకో గొంతు "సరస్వతీ స్వరూపమా!" అంది. చదువంటే ప్రాణం కాబట్టి దానికి మాత్రం మెడ కొంచెం కదిలింది. వెంటనే రెండు చేతులతో తలను గట్టిగా పట్టుకుని నడిచింది. ఊపిరి మెడకు తగిలేంత దగ్గరగా ఎవరో వెంట వస్తున్నారు. కాళ్ళ చప్పుడు లేదు, ఊపిరి మాత్రం ఉంది.

తరవాత వినిపించిన గొంతు తండ్రిది.

"మాచలా! అమ్మా మాచలా! నన్ను చంపేస్తున్నారే! ఒక్కసారి వెనక్కి చూడవే!"

పిల్ల గుండె ఆగిపోయినంత పనైంది. అచ్చం నాన్న గొంతే, అచ్చం నాన్న ఏడుపే. పాదం వెనక్కి తిరిగింది కూడా. అప్పుడు తట్టింది మాచలకు, నాన్న తనను ఎన్నడూ పేరు పెట్టి పిలవడు. అమ్మలూ అంటాడు. పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుని, కళ్ళు మూసుకుని పరిగెత్తింది.

మూడో రోజుకు ఆకలితో కడుపు నకనకలాడిపోతోంది. అడవి మధ్య ఒక గుడిసె, గుడిసె ముందు ఒక యక్షిణి, ఆమె ముందు ఆకు నిండా వేడి వేడి పాయసం. యక్షిణి జుట్టు నేలంతా పరుచుకుని, దానంతట అదే మెల్లగా కదులుతోంది.

"తిను బిడ్డా" అంది యక్షిణి. వద్దందామంటే ఆ జుట్టు అప్పటికే మాచల కాళ్ళను చుట్టేసింది. ఒక ముద్ద తింది. అబ్బ! అలాంటి రుచి మనుషులెవరూ ఎరుగరు.

"ఎలా ఉంది?" అని అడిగింది యక్షిణి, ముఖంలోకి వంగి.

అమృతంలా ఉందనే మాట మాచల నాలుక చివరిదాకా వచ్చేసింది. మనమూ అనేస్తాం కదా, పాయసం కాస్త బాగుంటే చాలు! ముని చెప్పింది గుర్తొచ్చి దాన్ని మింగేసి, "కాస్త ఉప్పు పడాలమ్మా" అంది.

"పాయసంలో ఉప్పా?" అని అరిచింది యక్షిణి. జుట్టంతా లేచి నిలబడింది.

"మా ఇంట్లో చిటికెడు వేస్తారు. మనుషుల నోటికి ఉప్పు తగలాలి మరి" అంది మాచల, పళ్ళు టకటకలాడుతుంటే.

"అమృతమని ఒప్పుకుని ఉంటే దేవతల తిండి తిన్నదానివయ్యేదానివి, మనుషుల్లోకి మళ్ళీ పోలేకపోయేదానివి. పో! ఉప్పు తిని చావు!" అని యక్షిణి జుట్టు సడలించింది. చెప్పాలా, మాచల వెనక్కి చూడకుండా ఉరికింది.

నాలుగో రోజు పొద్దున తాటివనం కనిపించింది. గాలి లేదు. అయినా ఆకులన్నీ గలగలలాడుతున్నాయి. దగ్గరికి పోతే ఆ గలగలలో మాటలు వినిపించాయి. ప్రతి ఆకు మీదా ఒక పేరు ఉంది, ప్రతి ఆకూ తన పేరు తనే చదువుకుంటోంది. స్వర్గీయ ఫలానా... దివంగత ఫలానా... వేల గొంతులు, అన్నీ పొడిగా, అన్నీ అలిసిపోయి. వాటి మధ్య నుంచి గర... గర... గర.

అన్నిటికంటే ఎత్తైన తాటికి బ్రహ్మరాక్షసుడు తలకిందులుగా వేలాడుతూ రాస్తున్నాడు. చేతులు బారెడు పొడుగు, కళ్ళు నిప్పు కణికలు. గొంతు మాత్రం పంతులుగారిలా ఎంతో మర్యాదగా ఉంది. అదే ఎక్కువ భయం పుట్టించింది.

"రా అమ్మాయీ. ఎవరి పేరు రాయించడానికొచ్చావు?"

"రా... రాయించడానికి కాదు స్వామీ. కొట్టేయించడానికి" అంది మాచల. "తప్పు నాది. స్వర్గీయ అంటే స్వర్గానికి చెందినవాడనే కదా కోశంలో ఉంది?"

"కోశంలో ఉండేది మాట ఎముక. దాని ప్రాణం జనం నోట్లో ఉంటుంది. మీ జనం ఆ మాట ఎవరికి వాడతారు?"

"పోయినవాళ్ళకి" అంది మాచల తల దించుకుని.

"మరి నా రాతలో తప్పేముంది? నేనూ ఒకప్పుడు పండితుణ్ణే. దుర్మార్గుల్ని దేవుళ్ళంటూ పొగిడి మాటల పరువు తీశాను. అందుకే ఈ శిక్ష. జనం వాడుకను అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఒప్పు మాటను కాదనలేను, తప్పు మాటను వదల్లేను" అన్నాడు రాక్షసుడు. "నీకు మూడు అవకాశాలు ఇస్తాను. దేవతలకు తగిన మాట ఒకటి చెప్పు. అది బతికున్నవాళ్ళకే చెల్లాలి, పోయినవాళ్ళకు చెల్లకూడదు. మూడూ తప్పైతే ఈ చెట్టుకు నువ్వొక ఆకువి."

మాచల గబగబా ఆలోచించి, "అమరుడు! చావు లేనివాడు!" అంది.

రాక్షసుడు పక్క చెట్టును ఒక్క ఊపు ఊపాడు. అమరుడు, అమరుడు, అమరుడు అంటూ వందల ఆకులు మూలిగాయి. "మీ కోటగోడ మీద రాతిలో చెక్కిన పేర్లు చూడలేదా? యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళను కాక ఇంకెవర్ని అమరులంటారు?"

మాచల కాలివేళ్ళు పెటపెటమన్నాయి. వంగి చూస్తే పసుప్పచ్చగా, పొడిగా తాటాకు ఈనెల్లా అయిపోయాయి. ఆ పిల్ల చూపు తిప్పుకుని, "దివ్యమూర్తి!" అంది.

"భోజనం దివ్యంగా ఉందంటారు, నిద్ర దివ్యంగా పట్టిందంటారు. కనక అది బతుకులో మాటే అనుకున్నావు, పాపం. మరి సమాధుల మీద దివ్యస్మృతికి అని చెక్కించేదెవరు?"

చీలమండల దాకా ఎండిపోయింది. ఇంక ఒక్కటే అవకాశం. మాచలకు తెలిసిన మాటలన్నీ బుర్రలో గిర్రున తిరిగాయి, అన్నిటి వెనకా చావే కనిపించింది. నాన్నా, నాకు భయమేస్తోంది అని పైకే ఏడ్చేసింది. ఏడుస్తూ తల పట్టుకుంటే, చెరసాల కిటికీలోంచి తండ్రి చెయ్యి ఆనిన చోటే తన చెయ్యి ఆనింది.

"చిరంజీవి" అంది మెల్లగా.

గర గర ఆగిపోయింది. ఆకులన్నీ గప్‌చుప్ అయ్యాయి. రాక్షసుడు ఒక చెట్టు వెతికాడు, పది చెట్లు వెతికాడు, వనమంతా కోతిలా దూకి దూకి వెతికాడు. ఏ ఆకు మీదా ఆ మాట లేదు.

"అమరుడన్నా చావు లేనివాడే, చిరంజీవన్నా చావు లేనివాడే" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "కానీ పోయినవాణ్ణి చిరంజీవి అని ఎవరూ అనరు. ఒప్పు మాటే చెప్పావు. ఆ దీవెన నీ నెత్తిన ఉండబట్టే ఇక్కడిదాకా మనిషిగా వచ్చావు." జయకేతుడి పేరున్న ఆకు తుంచి కింద పడేశాడు. "తీసుకుపో. అయితే ఒక్కటి విను. పొగడ్త కింద నుంచి పైకి పోయేది, ఎవడైనా విసరొచ్చు. ఈ మాట పై నుంచి కిందికి దిగేది. మీ రాజు తల వంచాలి, వయసులో పెద్దవాళ్ళు ఆ తల మీద చెయ్యిపెట్టి అనాలి. మంత్రి ఇచ్చిన గడువు లోపలే."

"మరి నా కాళ్ళు?"

"నీ రెండు తప్పులూ నీతోనే వస్తాయి, రోజు రోజుకీ పైకెక్కుతాయి. అదే గడువుకు నీ గొంతు మూసేస్తాయి. నీకూ మందు ఆ మాటే. కానీ నువ్వు అడక్కూడదు, నీ సంగతి ఎవరికీ చెప్పకూడదు. పక్కవాళ్ళ కోసం అడిగితే దీవెన. తనకోసం అడుక్కుంటే అది బిచ్చం, పనిచేయదు."

మాచల ఆకును గుండెకు హత్తుకుని వెనుదిరిగింది. అయిదో రోజుకు మోకాళ్ళు పెళుసెక్కాయి. ఆరో రోజు అడుగు తీసి అడుగేస్తే ఒంట్లోంచి గలగలమని చప్పుడు. తను కూడా ఆకులా తన పేరు తనే గొణుక్కుంటున్నానని మధ్యలో గ్రహించి హడలిపోయింది. ఏడో రోజు కోట గుమ్మం చేరేసరికి నడుము వంగడం మానేసింది. పొడుగు పావడా కప్పేయడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

సభామంటపంలో నారన్నను చేతులు కట్టి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. తలారి కత్తి తుడుచుకుంటున్నాడు. పడమటి కిటికీలో సూర్యుడు సగం దిగాడు. సింహాసనం మీద జయకేతుడు అదే నవ్వుతో, అదే చూపుతో కూర్చునే ఉన్నాడు.

"ఆగండి!" అని అరుస్తూ తండ్రి పక్కకు వచ్చింది మాచల. "రాజుగారి తల మా నాన్న పాదాల మీద పెట్టండి!"

సభ నివ్వెరపోయింది. "ప్రభువుల శిరస్సు వంది కాళ్ళ మీదా? ఈ పిల్లకు మతిపోయింది, బయటికి ఈడ్చండి!" అన్నాడు చండవర్మ.

"మా నాన్న రాజుగారికంటే పదేళ్ళు పెద్దవాడు. ఆయన నోటితో చిరంజీవ అంటేనే ప్రభువులు లేస్తారు" అని మాచల రాణి వైపు తిరిగి తాటాకు చూపించింది. "అమ్మగారూ, ఈ ఏడు రోజుల్లో ఆ చల్లటి తలకు ఏం మర్యాద మిగిలిందో మీరే చెప్పండి."

రాణి కనకవల్లి సూర్యుణ్ణి చూసింది, భర్తను చూసింది. "దించండి" అంది.

నలుగురు భటులు నారన్నను లేపి నిలబెట్టి, రాజును దించి అతని ముందు వంచారు. ఎవరికీ వంగని ఆ తల తన పాదాలకు తగలగానే నారన్న ఒళ్ళంతా కంపించింది. వంగి, కట్టిన చేతులు అలాగే ఆ తల మీద ఆనించాడు. పదకొండేళ్ళు చదివిన బిరుదులు ఒక్కటీ గుర్తురాలేదు. కన్నబిడ్డను అన్నట్టే అన్నాడు.

"చిరంజీవ నాయనా, చిరంజీవ."

మాచల చేతిలోని ఆకు పొడి పొడిగా రాలిపోయింది. జయకేతుడు బుస్సుమని ఊపిరి పీల్చుకున్నాడు. సభంతా ఘొల్లుమంది, రాణి ఏడ్చేసింది, మంత్రి కూడా ఏడ్చాడు. అందరూ రాజు వీపునే చూస్తున్నారు. రాజు మాత్రం తల కిందికి ఉండటంతో నేలను చూస్తున్నాడు. ముందు ముసలి పాదాలు కనిపించాయి. పక్కనే, పావడా అంచు కింద, ఇంకో రెండు పాదాలు. ఎండిన తాటాకు పాదాలు.

తలెత్తి చూశాడు. మాచల నిలువునా బిగుసుకుపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం కదలడం లేదు. కిటికీలో సూర్యుడు గోరంత మిగిలాడు.

జయకేతుడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా తన నెత్తిన పడిన మాట వేడి ఇంకా తగ్గలేదు. గబుక్కున లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. పుట్టిన దగ్గర్నుంచి మంచి మాట తను పుచ్చుకోవడమే గానీ ఇంకొకరికి ఇచ్చి ఎరగడు. నోరు తిరగలేదు.

"చి... చిరం..." మళ్ళీ మొదలుపెట్టాడు. "చిరంజీవ తల్లీ! చిరంజీవ!"

మాచల ఒంటి మీంచి ఎండుటాకులు జలజలా రాలాయి. రాలగానే మోకాళ్ళు వంగి కింద పడబోతే, "అమ్మలూ!" అంటూ నారన్న కట్టిన చేతులతోనే కూతుర్ని పట్టుకున్నాడు. ఆ తండ్రీకూతుళ్ళు అలాగే కూర్చుని ఎంతసేపు ఏడ్చారో నేను చెప్పలేను.

ఆ మర్నాటి నుంచి చంద్రశిలలో బిరుదులు చదవడం ఆగిపోయింది. రాజు పొద్దున్నే సింహాసనం ఎక్కేముందు ఊళ్ళో ఎవరో ఒక పెద్దవాళ్ళ ముందు తల వంచేవాడు. ఒకనాడు కుమ్మరి అవ్వ, ఒకనాడు మంగలి తాత. చెప్పే మాట రోజూ ఒకటే అయినా ఆయనకు విసుగు పుట్టలేదు. మాచల పెరిగి పెద్దదై, ఆస్థానంలో పండితురాలై, కొత్త కోశం ఒకటి రాసింది. అందులో ప్రతి మాట పక్కనా అర్థంతో పాటు, ఎవరు ఎవర్ని ఎప్పుడు అంటారో కూడా రాసిపెట్టింది.

స్వర్గీయ అనే మాట దగ్గర ఇలా ఉంటుంది. "స్వర్గానికి చెందిన. అర్థం ఎంత బాగున్నా బతికున్నవాళ్ళకు వాడకండి. నేను వాడి చూశాను."